నారు ట్రేలో మట్టి ఎందుకు ఉండదు?

ఏ కూరగాయల నర్సరీకైనా వెళ్ళి టమాటా నారు ట్రే ఒకటి చేతిలోకి తీసుకోండి. 98 గుంటలు, 98 మొక్కలు. అయినా ట్రే ఒంటిచేత్తో లేస్తుంది. ఒక మొక్కని కాడ మొదట్లో పట్టుకుని మెల్లగా లాగితే, తెల్లటి వేర్లు అల్లుకున్న గోధుమరంగు ముద్ద ఒకటి గుంట ఆకారంలోనే బయటికొస్తుంది. అందులో మట్టి ఉండదు. నర్సరీ అన్నని అడిగితే "మట్టెందుకు బాబూ, కోకోపీటే" అంటాడు. అంతకంటే వివరం అడిగితే పని చూసుకోనివ్వమంటాడు. ఆయన చెప్పని ఆ మిగతా వివరమే ఈ వ్యాసం.

హాస్టల్ కిటికీలోనో, ఇంటి బాల్కనీలోనో నాలుగు మొక్కలు పెంచుదామనుకునేవాళ్ళు మామూలుగా చేసే పని ఒకటుంది. కుండీలో వేసే మట్టినే పెరుగు కప్పులో నింపి, దాంట్లో గింజలు గుచ్చి, రోజూ నీళ్ళు పోస్తారు. ఒక్కోసారి మొలుస్తాయి. ఎక్కువసార్లు మొలవవు, లేదా మొలిచి నాలుగో రోజుకి పడిపోతాయి. తప్పు విత్తనాల కంపెనీ మీదకి పోతుంది. నిజానికి చాలాసార్లు ఆ కప్పులో ఉన్నదాని తప్పే.

ముందు విత్తనం వైపు నుంచి చూద్దాం. టమాటా గింజలు గ్రాముకి సుమారు 300 తూగుతాయి. అంత చిన్న గింజలో కూడా మొదటి వారానికి సరిపడా భోజనం కట్టిపెట్టి ఉంటుంది. కాబట్టి మొలకెత్తడానికి ఎరువు అక్కర్లేదు. కావలసినవి మూడే: నీళ్ళు, తగినంత వెచ్చదనం, గాలి. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోదే అందరూ మర్చిపోతారు. గింజ నీళ్ళు పీల్చుకోగానే లోపల శ్వాసక్రియ జోరందుకుంటుంది, దానికి ఆక్సిజన్ కావాలి. గాలిలో కంటే నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అంటే గింజ చుట్టూ ఉన్న సందులన్నీ నీళ్ళతో నిండిపోతే, అది ఊపిరాడక చచ్చిపోతుంది. మనం "కుళ్ళిపోయింది" అంటాం. కుళ్ళడం తర్వాతి సంగతి.

సివిల్ బ్రాంచి వాళ్ళకి ఇది చప్పున ఎక్కుతుంది. సాయిల్ మెకానిక్స్ ల్యాబ్‌లో ప్రాక్టర్ టెస్ట్ చేసేటప్పుడు మన ధ్యేయమంతా మట్టిలో ఖాళీలు తగ్గించడమే. రోడ్డుకి, పునాదికి అదే మంచి మట్టి. విత్తనానికి సరిగ్గా దానికి వ్యతిరేకం కావాలి. మంచి నారు మిశ్రమంలో ఘనపదార్థం కంటే ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీలో కొంత నీళ్ళు పట్టుకోవాలి, కొంత గాలి పట్టుకోవాలి. మిశ్రమం ఎంపిక అంటే ఈ రెంటి వాటా తేల్చడమే. మిగతావన్నీ దీని తర్వాతే.

మరి పొలంలో మట్టి పనికొచ్చినప్పుడు కప్పులో ఎందుకు పనికిరాదు? ఇదే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన భాగం, కాస్త ఆగి చూద్దాం.

పొలంలో వాన నీరు కిందికి ఇంకుతుంటే, కింద ఇంకా మట్టే ఉంటుంది, అది లాగుతూనే ఉంటుంది. కప్పులో అడుగున రంధ్రం ఉంది, రంధ్రం కింద గాలి ఉంది. గాలి నీటిని లాగదు. అందుకని మట్టి సందులు కేశనాళికల్లా పనిచేసి కొంత నీటిని కిందపడనివ్వకుండా పట్టుకుంటాయి. ఇంటర్‌లో చదివిన సూత్రమే: నాళం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తు నిలుస్తుంది. లెక్కేస్తే, 1 మి.మీ. వ్యాసం ఉన్న సందులో నీరు సుమారు 3 సెం.మీ. ఎత్తు నిలుస్తుంది. 0.3 మి.మీ. సందులో సుమారు 10 సెం.మీ. నిలుస్తుంది. నారు ట్రే గుంట లోతు దాదాపు 4 సెం.మీ. మాత్రమే. అంటే సన్నటి మట్టి నింపితే, అడుగున రంధ్రం ఉన్నా సరే, గుంట పైదాకా నీళ్ళతో నిండే ఉంటుంది. నిజం మిశ్రమంలో సందులు రకరకాల సైజుల్లో ఉంటాయి కాబట్టి లెక్క ఇంత శుభ్రంగా రాదు, కానీ దిశ మాత్రం ఇదే.

నమ్మకం కలగకపోతే గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్ళలో ముంచి, వెడల్పుగా అరచేతి మీద పడుకోబెట్టి, కారడం ఆగేదాకా ఉంచండి. తర్వాత దాన్ని నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, సందులూ అవే, ఎత్తు ఒక్కటే మారింది. లోతు తక్కువైన పాత్రలో అదే మిశ్రమం ఎక్కువ తడిగా ఉంటుందని దీనర్థం. పెద్ద కుండీలో హాయిగా పెరిగే మొక్క ఉన్న మట్టి, చిన్న కప్పులో బురదై కూర్చోవడం ఇందుకే.

కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీరు పోతుంది కదా అని పెద్దవాళ్ళు అంటారు. పోదు. సన్నటి సందుల్లో ఉన్న నీరు పెద్ద సందుల్లోకి తనంతట తాను దిగదు, రాళ్ళ పైనే ఆగుతుంది. మట్టి ఎత్తు తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు.

దీనికి మన నేలల స్వభావం కూడా తోడవుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలిస్తుంది. ఆ బీటల్లో లేత వేళ్ళు తెగిపోతాయి. తెలంగాణ చల్కా నేలల మట్టికి ఇంకో జబ్బు ఉంది, తడిసి ఆరగానే పైన పెచ్చు కడుతుంది. వంగ మొలక ఆ పెచ్చుని పగలగొట్టుకుని రాలేదు. పొలంలో అయితే పది గింజలు పక్కపక్కనే కలిసి తోసుకుని వస్తాయి. కప్పులో ఒంటరి గింజకి ఆ సాయం కూడా లేదు.

ఇక మట్టితో వచ్చే అసలు ప్రమాదం నారు కుళ్ళు తెగులు. నిన్న సాయంత్రం నిటారుగా ఉన్న మొక్కలు పొద్దున్నకి కాడ మొదట్లో నొక్కినట్టు సన్నబడి పక్కకి వాలిపోతాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, అదే బాధ. పిథియం, రైజోక్టోనియా లాంటివి దీనికి కారణం. వీటిలో పిథియం నిజానికి శిలీంధ్రం కూడా కాదు, నీటి నాచులకి దూరపు చుట్టం. దాని బీజాలకి తోకలుంటాయి, నీళ్ళలో ఈదుకుంటూ ఒక వేరు నుంచి ఇంకో వేరుకి వెళ్తాయి. నీళ్ళతో నిండిన సందులంటే వాటికి రహదారులే. కాబట్టి గాలి ఆడే మిశ్రమం విత్తనానికి ఊపిరి ఇవ్వడంతో పాటు ఈ ఈతగాళ్ళ దారి కూడా మూసేస్తుంది.

ఒక్క కప్పు పోతే ఏమైందిలే అనిపించవచ్చు. కానీ మిర్చి రైతుకి నారు తయారవడానికే దాదాపు నలభై రోజులు పడుతుంది. నారుమడి పోయిందంటే ఖరీదైన హైబ్రిడ్ విత్తనంతో పాటు అదును కూడా పోతుంది. మన స్థాయిలో కూడా, ఊళ్ళో అమ్మమ్మ కాగితం పొట్లంలో కట్టిచ్చిన నాటు వంగ గింజలు ఇరవై ఉన్నాయనుకోండి, అవి బజార్లో దొరికేవి కావు, మళ్ళీ ఇంకో పొట్లం ఉంటుందన్న హామీ లేదు. అలాంటివి విత్తేటప్పుడు కప్పులో ఏముందో తెలిసి ఉండాలి.

ఈ సమస్యని మొదట పద్ధతిగా పట్టుకున్నది ఇంగ్లాండు వాళ్ళు. 1930ల్లో లండన్ దగ్గర మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ సంస్థలో విలియం లారెన్స్, జాన్ నెవెల్ అనే ఇద్దరు, పరిశోధన కోసం పెంచే ప్రిములా మొలకలు చచ్చిపోతుంటే కారణం వెతకడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఒక్కో తోటమాలికీ ఒక్కో రహస్య మిశ్రమం, ఒక్కో మొక్కకీ ఒక్కో వంటకం. వాళ్ళు ఆవిరితో శుద్ధి చేసిన తోటమట్టి రెండు పాళ్ళు, పీట్ ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, కొంచెం సూపర్ ఫాస్ఫేటూ సున్నపురాయి పొడీ చేర్చి, అన్ని విత్తనాలకీ ఒకటే మిశ్రమం అన్నారు. చిక్కేమిటంటే మంచి తోటమట్టి అన్నిచోట్లా ఒకేలా దొరకదు. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సన్నటి ఇసుక, పీట్‌లతో ఒక పద్ధతి ప్రచురించింది. 1960ల్లో కార్నెల్‌లో బూడ్లీ, షెల్‌డ్రేక్ మట్టి, ఇసుక రెండూ తీసేసి పీట్, వర్మిక్యులైట్, పెర్లైట్‌లతో సరిపెట్టారు. మన నర్సరీ ట్రే ఆ వంశంలోదే.

తేడా అల్లా, వాళ్ళ పీట్ చలిదేశాల చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు. మనకి అది దిగుమతి సరుకు. మన చేతికందేది కొబ్బరి పొట్టు. కోనసీమలో కొబ్బరికాయ డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొడి ఇది. ఒకప్పుడు గుట్టలుగా పోసి వదిలేసేవారు, ఇప్పుడు ఇటుకలుగా నొక్కి అమ్ముతున్నారు. 650 గ్రాముల ఇటుక ఒకటి నీళ్ళలో వేస్తే సుమారు 8 లీటర్లకి ఉబ్బుతుంది. తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది, అయినా గాలికి చోటు ఉంచుతుంది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ తడవనని మొరాయిస్తుంది, కొబ్బరి పొట్టుకి ఆ పంతం లేదు.

దానికున్న లోపం ఉప్పు. కొబ్బరిచెట్టు సముద్రం పక్కన పెరుగుతుంది, డొక్కల్ని చాలాచోట్ల ఉప్పుకలిసిన నీళ్ళలో నానబెడతారు. దాంతో పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ మిగిలిపోతాయి. ఇటుక మీద "కడిగినది" అని రాసి ఉన్నా నమ్మేయకండి, కొలవండి. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు, ఆర్వో నీళ్ళు చూడటానికి వాడే టీడీఎస్ మీటర్ చాలు. ఒక గ్లాసు తడి పొట్టులో రెండు గ్లాసుల ఆర్వో నీళ్ళు పోసి, అరగంట ఉంచి, గుడ్డలో వడకట్టి ఆ నీళ్ళు కొలవండి. మామూలు ఆర్వో నీళ్ళ రీడింగ్ అందులోంచి తీసేయండి. 250 లోపు వస్తే నిశ్చింత. 500 దాటితే ఒక బకెట్ మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, మళ్ళీ కొలవండి. మామూలుగా రెండు మూడు సార్లకి దారికొస్తుంది. పెద్ద నర్సరీల వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెడతారు. పొట్టుని అంటుకుని ఉన్న సోడియం, పొటాషియంని కాల్షియం తోసేసి ఆ చోటులో కూర్చుంటుంది. ఇరవై గింజలకి అంత హడావిడి అక్కర్లేదు.

ఒక మాట, ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్ళు వృథా పోతున్నాయని మొక్కలకి పోసే అలవాటు మంచిదే, కానీ నారుకి మాత్రం వద్దు. వదిలేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది.

కొబ్బరి పొట్టులో తిండి కూడా దాదాపు లేదు. పైగా తాజా పొట్టులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులు ఉన్న కాస్త నత్రజనినీ ముందు తామే లాక్కుంటాయి, మొక్క పచ్చదనం తగ్గి వెలవెలపోతుంది. అందుకే మాగిన పొట్టు మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ పొట్టుని శిలీంధ్రాలతో పులియబెట్టి "అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్" అని తయారుచేసింది, ఉద్దేశం ఇదే. ఇంట్లో అయితే వర్మీకంపోస్టు కలపడం సులువు. అయితే ఇక్కడ చేయి జారకూడదు. వర్మీకంపోస్టు మంచిదే కదా అని సగానికి సగం వేస్తే లవణాలు పెరుగుతాయి, సన్నటి పొడి సందుల్లో దూరి గాలిని తగ్గిస్తుంది. మొత్తంలో ఐదో వంతు దాటనివ్వకండి. పశువుల ఎరువైతే బాగా మాగి, మట్టి వాసన వచ్చేదాకా ఆగాలి. పచ్చి పేడ నుంచి వచ్చే అమ్మోనియా లేత వేరుని మాడ్చేస్తుంది.

మూడో పదార్థం గాలి కోసం. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయి. దాన్ని సుమారు 900 డిగ్రీలకి వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై పేలాల్లా పొంగుతుంది. తెల్లగా, థర్మాకోల్ పూసల్లా ఉంటుంది. కలిపేటప్పుడు ముందు కాస్త నీళ్ళు చల్లండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. వర్మిక్యులైట్ మైకా జాతి ఖనిజం, వేడికి పుస్తకం పేజీల్లా విచ్చుకుంటుంది. మన నెల్లూరు జిల్లా మైకా ప్రాంతంలోనూ దొరుకుతుంది. ఇది గాలి కంటే నీళ్ళు ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి, గింజల మీద పల్చగా కప్పడానికి బాగా పనికొస్తుంది, పెచ్చు కట్టదు.

రెండూ ఖరీదనుకుంటే ఇసుక ఉంది, కానీ ఏ ఇసుక అన్నదే ప్రశ్న. కాంక్రీటులో పెద్ద కంకర సందుల్ని చిన్న కంకర, దాని సందుల్ని ఇసుక నింపాలని మనం గ్రేడింగ్ చేస్తాం. ప్లాస్టరింగ్ ఇసుక కొబ్బరి పొట్టులో కలిపితే జరిగేదీ అదే, సందులు పూడిపోతాయి. "ఇసుక వేస్తే నీరు బాగా దిగుతుంది" అన్న మాట ముతక ఇసుకకే నిజం. దోమల తెర మీద జల్లించి, పైన మిగిలిన గరుకు ఇసుకని కడిగి వాడండి. రోబో శాండ్ అయితే అందులో రాతిపొడి ఎక్కువ, నేనైతే వాడను. జపాన్‌లో వరి ఊకని బూడిద కాకుండా నల్లగా కాల్చి "కుంతాన్" పేరుతో నారు మిశ్రమాల్లో కలుపుతారు. మన రైస్ మిల్లుల చుట్టూ ఊకకి కొదవ లేదు, కానీ కాలిన ఊకలో క్షారం ఉంటుంది కాబట్టి కడగకుండా వాడొద్దు. తెల్ల బూడిద అసలే వద్దు.

ఇన్ని చెప్పాక పాళ్ళు అడుగుతారు. కడిగిన కొబ్బరి పొట్టు మూడు గ్లాసులు, జల్లించిన వర్మీకంపోస్టు ఒకటి, పెర్లైటో ముతక ఇసుకో ఒకటి. టమాటా, వంగ, మిర్చి, క్యాబేజీ, ఉల్లి అన్నిటికీ ఇదే. బెండ, చిక్కుడు, తోటకూరలకి నారుతో పనిలేదు, నేరుగా పెరిగేచోటే విత్తుకోండి.

మీరు కలిపినది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చెప్తాను. మొదటిది గాలి లెక్క. మీరు వాడబోయే కప్పుకే అడుగున రంధ్రాలు పెట్టి, వాటికి టేపు వేసి, అంచుదాకా నీళ్ళు పోసి కప్పు ఎన్ని మి.లీ. పడుతుందో కొలవండి. నీళ్ళు పారబోసి, తడిపిన మిశ్రమం నింపి, పైన నీరు మెరిసేదాకా నెమ్మదిగా పోసి, పది నిమిషాలు ఆగండి. తర్వాత కింద గిన్నె పెట్టి టేపు తీసేయండి. కారిన నీళ్ళు ఎన్నో, అంత చోటులోకి గాలి వచ్చినట్టే. 200 మి.లీ. కప్పు నుంచి 30 మి.లీ. కారితే 15 శాతం. 10 నుంచి 20 మధ్య ఉంటే బాగున్నట్టు. 5 దగ్గర ఉంటే పెర్లైట్ పెంచండి. పరీక్ష వేరే కప్పులో చేసి విత్తడం ఇంకో దాంట్లో చేయకండి, స్పాంజి గుర్తుంది కదా.

రెండోది ఆవాల పరీక్ష. వంటింట్లోంచి నలభై ఆవాలు తీసుకుని ఇరవై తడి టిష్యూ కాగితంలో, ఇరవై మీ మిశ్రమంలో వేయండి. నాలుగు రోజుల్లో తేలిపోతుంది. టిష్యూలో పద్దెనిమిది మొలిచి మిశ్రమంలో తొమ్మిదే మొలిస్తే, దోషం మిశ్రమంలో ఉంది. ఉప్పో, పచ్చి ఎరువో, గాలి లేకపోవడమో. అమ్మమ్మ గింజల పొట్లం విప్పేముందు ఈ నాలుగు రోజులు ఆగడం దండగ కాదు.

విత్తేటప్పుడు మిశ్రమాన్ని ముందే తడిపి, గుప్పిట్లో పిండి చూడండి. వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి, గుప్పిట విప్పి తాకితే ముద్ద విడిపోవాలి. కప్పులో పోసి నేల మీద ఒకసారి తట్టండి, బొటనవేలితో అదమకండి. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. టమాటాకి అర సెంటీమీటరు. యూట్యూబులో చలిదేశాల వాళ్ళు కప్పుల కింద వేడి చాప పరుస్తారు, అది వాళ్ళ మంచు బాధ. 25 నుంచి 30 డిగ్రీలు ఉండే మన గదిలో దాంతో పనిలేదు. మనం లోపల విత్తేది ఎండ, జడివాన, చీమలు, పావురాల బాధ తప్పించుకోవడానికి. టమాటా వారంలోపు, మిర్చి పది రోజులు అటూఇటూగా మొలుస్తాయి. పైన కవరు కప్పితే మొదటి మొలక కనిపించిన రోజే తీసేయండి. తర్వాత వెలుతురు తక్కువైతే కాడలు దారాల్లా సాగుతాయి, దానికి మిశ్రమం ఏమీ చేయలేదు, కిటికీ మార్చాలి.

నీళ్ళు కింద పళ్ళెంలో పోసి, పైన తడి మెరవగానే మిగిలినవి పారబోయండి. కప్పు ఎత్తి చూస్తే బరువే చెబుతుంది ఎప్పుడు పోయాలో. రెండు నిజమైన ఆకులు వచ్చాక లీటరు నీళ్ళకి ఒక గ్రాము 19:19:19 కలిపి వారానికోసారి ఇస్తే సరిపోతుంది, వర్మీకంపోస్టులో ఉన్న తిండి అప్పటికి తగ్గుతుంటుంది. ఎక్కడైనా మొక్క వాలితే ఆ కప్పుని వెంటనే దూరంగా తీసేసి, మిగతా వాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్ళు తడపండి. వాలిన మొక్క మళ్ళీ లేవదు. ఆ కప్పులోని మిశ్రమం ఇంకోసారి నారుకి వాడొద్దు, పెద్ద మొక్కల కుండీలోకి కూడా వద్దు. ఆరోగ్యంగా పెరిగిన కప్పుల్లోదైతే మొక్కతోపాటే కుండీలోకి వెళ్ళిపోతుంది కాబట్టి, మళ్ళీ సీజనుకి ఇంకో ఇటుక నానబెట్టుకోవడమే.